బడిలో పలుకు: తెలుగు పాఠశాలల్లో భాషణ శిక్షణ చరిత్ర – చిల్లకూరు తీరం నేపథ్యంగా ఒక పరిశీలన

చిల్లకూరు మండలం గూడూరు పొలిమేర నుంచి బంగాళాఖాతం దాకా సాగుతుంది. 2022 జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరినా మాటతీరులో అది నెల్లూరు సీమే. పడమట వరి పొలాలు, నిమ్మతోటలు. తూర్పున సిలికా ఇసుక నేలలు, రొయ్యల గుంటలు, బకింగ్‌హాం కాలువ, ఆ పైన సముద్రం. ఇలాంటి నేల మీద బడికి వచ్చే పిల్లల ఇంటిమాట ఒకటి కాదు. రైతు కుటుంబాల నెల్లూరు తెలుగు, యానాదుల తెలుగు, ఈ తీరంలోని పట్టపు మత్స్యకారుల ఇళ్ళలో వినిపించే తమిళానికి దగ్గరైన పలుకు, ముస్లిం కుటుంబాల ఉర్దూ ఒకే తరగతి గదిలోకి రాగలవు. ఊరు వాళ్ళను ‘పిలకాయలు’ అంటుంది, వాచకం ‘పిల్లలు’ అంటుంది. ఇంట్లో ‘యాడికి పోతా ఉండావు’ అన్న ప్రశ్న బడిలో ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అవుతుంది. మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే బిడ్డ రెండో ప్రశ్న ముందు తలవంచుకుని నిలబడితే, ఆ మౌనాన్ని బడి ఏమని లెక్కిస్తుంది? అజ్ఞానమనా, బిడియమనా, లేక తాను ఇంకా చేయని పని అనా?

భాషాబోధన గ్రంథాలు శ్రవణ, భాషణ, పఠన, లేఖనాలని నాలుగు నైపుణ్యాలను వరుసగా చెబుతాయి. వరుసలో రెండోదైన భాషణానికి ఆచరణలో దక్కిన స్థానం వేరు. అలాగని తెలుగు బడి ఏనాడూ నిశ్శబ్దంగా లేదు. వల్లెవేత, ఎక్కాలు, పద్యపఠనం దాని సహజ ధ్వనులు. అయితే ఇతరుల మాటను అప్పగించే గొంతు వేరు, తన మాటను కూర్చుకుని చెప్పే గొంతు వేరు. గత రెండు వందల ఏళ్ళలో జరిగిన విద్యాసంస్కరణలు ఈ తేడాను పలుమార్లు గుర్తించాయి. గుర్తించిన ప్రతిసారీ రాతపరీక్ష దగ్గర ఆగిపోయాయి. ఆ క్రమాన్ని పరిశీలించి, నెల్లూరు తీరం వంటి బహుభాషిత ప్రాంతంలో దాని పర్యవసానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి: అప్పగింత, అధ్యాపనం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో అన్ని జిల్లాల కలెక్టర్ల నుంచి దేశీయ విద్య స్థితిపై వివరాలు కోరాడు. వచ్చిన నివేదికల్లో బోధన తీరును సూక్ష్మంగా చిత్రించింది బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించిన వాడు కాబట్టి తెలుగు బడి గురించి అతడి మాటకు భాషావేత్త పరిశీలనగా కూడా విలువ ఉంది. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు అతడు లెక్క చెప్పాడు. వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. హిందూ విద్యార్థుల్లో బాలికలు 60 మంది మాత్రమే. వీధిబడి గొంతు గురించి మాట్లాడేటప్పుడు అది ప్రధానంగా మగపిల్లల గొంతేనన్న సంగతి మరవకూడదు.

కాంప్‌బెల్ వర్ణించిన బడి తెల్లవారి ఆరు గంటలకు మొదలవుతుంది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, ఆ తరువాత వచ్చేవాళ్ళకు దెబ్బలు పెరుగుతూ పోతాయి. ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ దాన్ని పైకి పలకాలి. చేయి, కన్ను, నోరు ఒకేసారి పనిచేస్తాయి. అయితే ఈ బడుల్లో చదివే పుస్తకాలు పద్యమయాలనీ, ఆ భాష మాటలకూ వ్యవహారానికీ వాడే భాషకు చాలా దూరమనీ, లిపి ఒకటే కాబట్టి పిల్లవాడు చదవగలడే తప్ప గ్రహించలేడనీ కాంప్‌బెల్ విమర్శించాడు. నేర్పిన మాటలు పలికే చిలుకతో విద్యార్థిని పోల్చాడు. విద్యాచరిత్ర రచనల్లో తరచుగా కనిపించే పోలిక ఇదే.

ఈ విమర్శ పరాయి పాలకుడిది మాత్రమే అని తోసిపుచ్చడానికి వీలు లేదు. అంతకు మూడేళ్ళ ముందే, 1820లో, మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడైన వెన్నెలకంటి సుబ్బారావు బడుల స్థితిపై సమర్పించిన నివేదికలో అర్థానికి చోటు లేని కంఠస్థ విద్యను తప్పుపట్టారు. సదర్ అదాలతు కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేసిన ఆయన ఆంగ్ల ఆత్మకథ 1873లో మద్రాసులో అచ్చయింది. రోజూ ఒక భాషలో విన్నదాన్ని మరో భాషలో చెప్పడమే వృత్తిగా గల మనిషికి పలకడానికీ అర్థం తెలిసి చెప్పడానికీ ఉన్న తేడా అనుభవంలోనిదే అయి ఉండాలి.

అయినా చిలుక పోలిక పూర్తి నిజం కాదు. దాన్ని పదేపదే ఉటంకించేవారు అదే నివేదికలోని మరో భాగాన్ని అంతగా పట్టించుకోరు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెప్పడం, చెప్పడం ద్వారా తమ చదువును తామే గట్టి చేసుకోవడం మెచ్చదగిన పద్ధతి అని కాంప్‌బెల్ రాశాడు. ఆ పద్ధతి అప్పటికే ఆండ్రూ బెల్ ద్వారా ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండుకు చేరింది. ఒకటి గమనించాలి. సాటి పిల్లవాడికి అక్షరం చెప్పేటప్పుడు అప్పగింత సరిపోదు. ‘అట్ట కాదు, ఇట్ట’ అనాలి, ఎందుకో చెప్పాలి, వాడికి తెలిసిన మాటలో చెప్పాలి. వీధిబడిలో సొంత మాట ఉన్న చోటు ఇదే. దసరా రోజుల్లో గిలకలు పట్టుకుని అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పద్యాలు చెప్పి, అయ్యవారికి కట్నం, తమకు పప్పుబెల్లాలు రాబట్టే ఆచారం మరొకటి. పద్యం సొంతది కాకపోయినా, కొత్త గడప ముందు నిలబడి గొంతు విప్పే ధైర్యం సొంతదే. ఆధునిక పాఠశాల వల్లెవేతను నిందిస్తూనే కొనసాగించింది. పిల్లవాడే పిల్లవాడికి చెప్పే ఏర్పాటును, ఊరి ముందు నోరు విప్పించే ఆచారాన్ని మాత్రం వదులుకుంది. ఈ బేరంలో లాభం ఎవరికో విద్యాచరిత్రకారులు అంతగా ఆలోచించినట్టు లేదు.

వ్యావహారిక వాదం: నోటి నుంచి చేతికి మళ్ళిన పోరు

గిడుగు రామమూర్తి ఉద్యమాన్ని సాహిత్య చరిత్రలు గ్రంథరచనా భాషకు సంబంధించిన వివాదంగానే చూస్తాయి. దాని పుట్టుక తరగతి గదిలో. 1906 తరువాత ఉత్తర సర్కారుల్లో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్స్ అడిగిన ప్రశ్న బోధనకు సంబంధించినది: ప్రజలు మాట్లాడే తెలుగు, పుస్తకాల తెలుగు వేరువేరుగా ఉన్నప్పుడు బడి దేన్ని నేర్పాలి? గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లు ఈ ప్రశ్నను పైకెత్తుకున్నారు. హెన్రీ స్వీట్, ఓటో యెస్పర్సన్‌ల భాషాబోధన గ్రంథాలు గిడుగుకు శాస్త్రీయమైన ఆధారాన్ని ఇచ్చాయి. మాటే భాషకు ప్రాణమనీ, రాత దాని రూపమేననీ, బోధన నోటి నుంచి చేతికి నడవాలనీ వారు చెప్పిన సూత్రాలను గిడుగు తెలుగుకు అన్వయించారు.

ఈ సూత్రాన్ని ఆయన పూర్తిగా ఆచరించింది తెలుగులో కాదు, సవరలో. పర్లాకిమిడి పరిసరాల సవరల నోటి నుంచి వారి భాషను నేర్చుకుని, వారి కథలూ పాటలూ సేకరించి, ఆ మాటలతోనే సవర పిల్లలకు వాచకాలు తయారుచేశారు. ప్రభుత్వం ఇవ్వబోయిన బహుమతి సొమ్మును సవరల బడులకు వినియోగించమన్నారన్నది ప్రసిద్ధమైన విషయం. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అంటే లిపి లేని భాష పిల్లలకు వారి పలుకే మొదటి పాఠమైంది. వేయేళ్ళ సాహిత్యమున్న తెలుగు పిల్లలకు ఆ భాగ్యం కలగలేదు.

కారణం వివాదం జరిగిన వేదికలో ఉంది. 1911లో జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. ఆ తరువాతి మూడు నాలుగేళ్ళ పోరంతా స్కూలు ఫైనలు, ఇంటర్మీడియటు విద్యార్థి వ్యాసం ఏ శైలిలో రాయాలన్న దాని చుట్టూ తిరిగింది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపసంఘంలో గురజాడ 1914లో రాసిన అసమ్మతి పత్రం కూడా వ్యాసరచన గురించే. పరీక్షలో ఉన్నది వ్యాసం కాబట్టి పోరు వ్యాసం మీద. పిల్లవాడు తరగతిలో నిలబడి ఏ తెలుగులో మాట్లాడాలి, ఆ మాటను తరగతి తరగతికీ ఎలా పెంచాలి అన్నది ఏ ఉపసంఘం ముందుకూ రాలేదు. 1919లో వీరేశలింగం అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడడం, క్రమంగా వ్యావహారికం పత్రికలనూ పుస్తకాలనూ గెలవడం అందరికీ తెలిసినవే. కానీ గెలిచింది రాతలోని వ్యావహారికం, అందులోనూ శిష్ట వ్యావహారికం. ఆధునిక ప్రమాణ భాషకు ప్రధానంగా ఆధారమైనది కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల విద్యావంతుల వాడుక. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక విభజనలో రాయలసీమతో పాటు దక్షిణ మండలంలో చేరే నెల్లూరు, ఆ ప్రమాణానికి వెలుపలే ఉంది. వాడుక భాష బడిలోకి వచ్చింది గాని, చిల్లకూరు పిల్లవాడి వాడుక రాలేదు.

రంగస్థలం ఇచ్చిన చోటు

నెల్లూరు ఈ చరిత్రకు ఒక విచిత్రమైన ఉదాహరణను ఇస్తుంది. గ్రాంథిక వాదపక్షంలో ప్రముఖుడైన వేదం వేంకటరాయశాస్త్రి 1897లో వెలువరించిన ‘ప్రతాపరుద్రీయం’లో పాత్రోచిత భాషను ప్రవేశపెట్టారు. చాకలి పేరిగాడు పండితుడిలా మాట్లాడితే పాత్ర చచ్చిపోతుందన్నది ఆయన నాటక దృష్టి. నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించి, నటులకు తానే వాచిక శిక్షణ ఇచ్చి ప్రదర్శనలు చేయించారు. పాఠ్యపుస్తకం, వ్యాసం విషయానికి వస్తే ఆయన వ్యాకరణం గీత దాటనివ్వలేదు.

దీన్ని వైరుధ్యమని కొట్టిపారేయడం సులువు. ఆయన దృష్టిలో అది వైరుధ్యం కాదు: మాట సందర్భాన్ని బట్టి మారుతుంది, నాటకం సందర్భాల సముదాయం, పుస్తకం అలాంటిది కాదు. భాషణ బోధన దృష్టితో చూస్తే ఇక్కడే ఒక విలువైన సూచన ఉంది. మాటకు ‘తప్పు’, ‘ఒప్పు’ అనే రెండు గడులే ఉన్నాయనుకునే తరగతి గదికి, ఎవరితో ఎక్కడ ఏ మాట అన్న మూడో ఆలోచనను పాత్రోచిత భాష ఇవ్వగలిగి ఉండేది. నెల్లూరు బడి నెల్లూరు నాటకం నుంచి ఆ పాఠం నేర్చుకోలేదు. శతాబ్దం తరువాత కావలి బాల్యాన్ని పిల్లవాడి గొంతుతోనే చెప్పిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, పొరుగున చిత్తూరు సీమలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడి రచనలు పాఠకులకు ఎంత ప్రీతిపాత్రమయ్యాయో తెలుగు శాఖలకు వేరే చెప్పనక్కరలేదు. సాహిత్యం తలకెత్తుకున్న ఆ మాటనే తరగతి గదిలో ఒక బిడ్డ పలికితే ఉపాధ్యాయుడు ఇప్పటికీ సరిదిద్దుతాడు.

సోపాన క్రమం: వార్ధా నుంచి వాచకం దాకా

మాట్లాడడాన్ని ఏడేళ్ళ చదువులో మెట్టు మెట్టుగా పెంచాలన్న స్పష్టమైన ఆలోచన అఖిల భారత స్థాయిలో కనిపించేది 1937 వార్ధా సమావేశం తరువాత జాకిర్ హుసేన్ సంఘం ఇచ్చిన నివేదికలో. మాతృభాషా బోధన లక్ష్యాల్లో ఆ నివేదిక మొదట నిలిపింది చదవడాన్ని కాదు, రాయడాన్ని కాదు. తన చుట్టూ ఉన్న వస్తువుల గురించి, మనుషుల గురించి, సంఘటనల గురించి బిడ్డ స్వేచ్ఛగా, సహజంగా, ధైర్యంగా సంభాషించగలగాలి. ఆ శక్తే క్రమంగా ఒక విషయం మీద స్పష్టంగా, పొందికగా ప్రసంగించే శక్తిగా ఎదగాలి. మౌన పఠనం ఆ తరువాతిది. రాట్నం చుట్టూ సాగిన వాదోపవాదాల్లో ఈ భాషా పాఠ్యక్రమం ఎవరి కంటా పడలేదు. నయీ తాలీం అంటే చేతిపని అని గుర్తుపెట్టుకున్నవాళ్ళు, చేతిపని చేస్తూ చేస్తున్నదాన్ని నోటితో చెప్పడం అందులో సగమన్న సంగతిని మరిచారు. బుట్ట అల్లే బిడ్డకు అల్లిక గురించి చెప్పడానికి మాటలు కొరవడవు. బుట్ట లేని తరగతిలో ‘అల్లిక గురించి ఐదు వాక్యాలు చెప్పు’ అన్నప్పుడే అవి కొరవడతాయి.

1991 నాటి కనీస అభ్యసన స్థాయుల పత్రం వినడం, మాట్లాడడాలను తరగతుల వారీగా పట్టికల్లో చూపింది. దాన్ని మించిన మార్పు 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం తరువాత వచ్చిన తెలుగు వాచకాలది. పాఠం చివరి అభ్యాసాల్లో ‘వినడం – ఆలోచించి మాట్లాడడం’ అన్న భాగం మొదటి స్థానానికి వచ్చింది. ‘ఆలోచించి’ అన్న మాట యాదృచ్ఛికం కాదు. కాంప్‌బెల్ చిలుకకూ ఆ మాటకూ మధ్య రెండు వందల ఏళ్ళ వాదం ఉంది. అయితే ఏడాది చివర బిడ్డ చేతికి వచ్చేది ప్రశ్నపత్రమే. పదో తరగతి తెలుగు పరీక్షలో నోటికి పని లేదు. వాచకంలో మొదటిదైన నైపుణ్యం పరీక్షలో కనిపించకపోతే, పాఠ్యాంశాలు పూర్తిచేయాల్సిన ఉపాధ్యాయుడు దేన్ని దాటేస్తాడో ఊహించడం కష్టం కాదు. 1914లో వ్యాసం చేసిన పనే ఈనాడు ప్రశ్నపత్రం చేస్తోంది.

లెక్కలోకి రాని తేడా

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు మొదటి తరగతి నుంచి ఇంటిభాషలో బోధన మొదలైంది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషలను అందుకు ఎంచుకున్నారు. గిడుగు సవరకు చేసిన పనికి ఇది ఆలస్యంగా వచ్చిన కొనసాగింపు. నెల్లూరు తీరపు యానాదులు ఈ జాబితాలో లేరు. ఉండడానికి వీలు లేదు కూడా. వారి ఇంటిభాష తెలుగే, బడి భాషా తెలుగే. కాగితం మీద యానాది బిడ్డకు భాషా సమస్య లేదు. కనుక ఆ బిడ్డ బడిలో నోరు విప్పకపోతే కారణం భాషలో వెతకరు. బిడ్డలోనో, కుటుంబంలోనో వెతుకుతారు. జీవితమంతా యానాదుల సంక్షేమానికి పనిచేసి 1962లో వారిపై గ్రంథం ప్రచురించిన వెన్నెలకంటి రాఘవయ్య పోరాడింది సరిగ్గా ఈ ధోరణితోనే, అంటే లోపాన్ని సమాజంలో కాక మనిషిలో చూసే అలవాటుతో.

అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1969లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ ప్రస్తావనార్హం. న్యూయార్కులో ఎనిమిదేళ్ళ నల్లజాతి బాలుడు పెద్దమనిషి ప్రశ్నలకు ఒకటి రెండు మాటలతో సరిపెట్టాడు. అదే పరిశోధకుడు చిరుతిండి తెచ్చి, బాలుడి స్నేహితుడిని పిలిచి, కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నప్పుడు పిల్లలిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడేంతగా మాట్లాడారు. మారింది పిల్లవాడి భాష కాదు, సందర్భం. పాత్రోచిత భాష వెనుక ఉన్న గ్రహింపు, సందర్భమే మాటను పుట్టిస్తుందన్నది, వేరే ఖండంలో వేరే రూపంలో నిరూపితమైంది.

పట్టపు బిడ్డ పరిస్థితి మరో విధమైనది. అక్కడ ఇంటిమాటే వేరు. కానీ అది ఏ షెడ్యూలులోనూ లేని, బడి పేరు పెట్టి పిలవని భాష. దీనికి తోడు 2019 నవంబరులో ప్రభుత్వం ప్రాథమిక తరగతులను ఆంగ్ల మాధ్యమానికి మార్చాలని నిర్ణయించింది, ఉన్నత న్యాయస్థానం 2020లో ఆ ఉత్తర్వులను కొట్టివేసింది, తరువాత తెలుగు, ఆంగ్లాలు ఎదురెదురు పుటల్లో ఉన్న వాచకాలు వచ్చాయి. ఆ వాదంలో రెండు పక్షాలూ మాధ్యమం గురించే మాట్లాడాయి. ఎదురెదురు పుటల్లో దేనిలోనూ తన పలుకు లేని బిడ్డ గురించి రెండు పక్షాలకూ చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

చిల్లకూరు తీరంలో సోపాన క్రమం ఎలా ఉండాలో చెప్పడానికి కొత్త సిద్ధాంతం అక్కరలేదు. ఒకటి రెండు తరగతుల్లో ఇంటిమాటను సరిదిద్దకుండా వినాలి. పట్టపు బిడ్డ చేప పేరు తన పలుకులో చెబితే తెలుగు పేరును దాని పక్కన చేర్చాలి, దాన్ని తొలగించి కాదు. మూడో తరగతికి వచ్చేసరికి విన్న కథను చెల్లెలికి చెప్పినట్టు చెప్పడం, చూసినదాన్ని చూడనివాడికి చెప్పడం. నాలుగు, ఐదుల్లో ఒక పనిని వరుసక్రమంలో వివరించడం: వల ఎట్ట అల్లుతారు, రొయ్యల గుంటకు నీళ్ళు ఎట్ట పెడతారు. వీధిబడిలో లాగా పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే వేళ ఇక్కడ తిరిగి రావాలి. ప్రమాణ భాష అవసరం సహజంగా ఎదురయ్యేది ఆ పై తరగతుల్లోనే, ఊరివాడు కాని శ్రోత ఎదుట ఉన్నప్పుడు. ఇసుక తవ్వకం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎనిమిదో తరగతికి మించినది కాదు. ఆ ఇసుక వాళ్ళ ఊరిదే. పదో తరగతిలో ఐదు నిమిషాల ప్రసంగానికి వార్షిక మార్కుల్లో వాటా ఉన్ననాడు కింది మెట్లన్నిటికీ పట్టు దొరుకుతుంది.

ఇందుకు కావలసిన సామగ్రి గురించి తెలుగు శాఖలు చేయగల పని ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం రైతుల నోటి నుంచి సేకరించిన వ్యవసాయ పదాలది. అలాంటి సేకరణ ఈ తీరపు వలల మీద, పడవల మీద, ఉప్పుటేర్ల మీద, యానాదుల వేట మీద జరిగి, అది పరిశోధకుల అలమారలో ఆగిపోకుండా రెండో తరగతి ఉపాధ్యాయుడి బల్ల మీదికి చేరితే, బిడ్డ చెప్పిన మాట తప్పా, తనకు తెలియని మాటా అన్న అనుమానం వచ్చినప్పుడు ఆ ఉపాధ్యాయుడు తిప్పి చూసుకోవడానికి ఒక పుట ఉంటుంది.